కెనడాలో పార్టీ గీత దాటితే ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

2025 నవంబర్ 4న, కెనడా ఫెడరల్ (అంటే కేంద్ర) బడ్జెట్ వచ్చిన రోజే, నోవాస్కోషియాకు చెందిన కన్సర్వేటివ్ ఎంపీ క్రిస్ డాంట్రమాన్ అధికార లిబరల్ పార్టీలో చేరారు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కడ అనర్హత వేటు పడదా?" అప్పటి నుంచి ఇక్కడున్న తెలుగువాళ్లూ, ఊరి నుంచి వార్తలు చూసే బంధువులూ ఏదో ఒక సందేహం అడుగుతూనే ఉన్నారు. వాటన్నిటికీ ఒకేచోట జవాబు రాద్దామనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పార్టీలో ఉంటూ "ఇది తప్పు" అనడం వేరు, గోడ దూకడం వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కడితే కెనడా రాజకీయాలు అర్థం కావు. ఇక్కడ గోడ దూకినవాళ్ల కంటే మొదటి రకం వాళ్లకే ఎక్కువ శిక్ష పడింది. నన్ను బాధపెట్టే విషయం అదే.

పార్టీ మారితే ఎంపీ పదవి పోతుందా?

పోదు. కెనడాలో ఫెడరల్ స్థాయిలో ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు. మన దేశంలో 1985లో 52వ సవరణతో పదో షెడ్యూల్ తెచ్చారు, 2003లో 91వ సవరణతో దాన్ని ఇంకాస్త బిగించారు. కెనడా ఆ దారి పట్టలేదు. ఇక్కడి పార్లమెంటరీ సంప్రదాయం ప్రకారం ఓటరు ఎన్నుకునేది మనిషిని. పార్టీ మారినా, పార్టీయే బయటికి పంపినా సీటు ఆ మనిషి దగ్గరే ఉంటుంది. డాంట్రమాన్ తర్వాత డిసెంబర్ 11న ఒంటారియోలోని మార్కమ్-యూనియన్‌విల్ ఎంపీ మైకేల్ మా కూడా కన్సర్వేటివ్‌ల నుంచి లిబరల్స్‌లోకి వచ్చారు. ఏప్రిల్ ఎన్నికల్లో 169 సీట్లు గెలిచిన లిబరల్స్ బలం దాంతో 171 అయింది. 343 మంది ఉన్న సభలో మెజారిటీకి 172 కావాలి. అంటే ఇద్దరు కండువా మార్చేసరికి, మైనారిటీ ప్రభుత్వం మెజారిటీకి ఒక్క అడుగు దూరంలోకి వచ్చింది.

మరి విప్ ధిక్కరిస్తే?

చట్టపరంగా ఏమీ కాదు. స్పీకర్‌కు ఫిర్యాదు చేసే పద్ధతి కూడా లేదు. శిక్ష అంతా పార్టీ చేతిలోనే ఉంటుంది.

విప్ పదవి ఇక్కడా ఉంది, పేరు కూడా అదే. ఏ ఎంపీ ఏ కమిటీలో కూర్చోవాలి, ఎవరు విదేశీ పర్యటనకు వెళ్లాలి, ఎవరికి ఏ ఆఫీసు గది ఇవ్వాలి లాంటివి విప్ చేతిలో ఉంటాయి. మాట వినని ఎంపీని మొదట కమిటీ నుంచి తప్పిస్తారు. తర్వాత సభలో మాట్లాడేవాళ్ల జాబితాలో పేరు కనిపించదు. అప్పటికీ దారికి రాకపోతే కాకస్ నుంచి బయటికి పంపుతారు. కాకస్ అంటే మనం పార్లమెంటరీ పార్టీ, శాసనసభాపక్షం అంటామే, అదే. బయటికి వెళ్లిన ఎంపీ ఇండిపెండెంట్‌గా కూర్చోవాలి. హౌస్ ఆఫ్ కామన్స్‌లో కనీసం 12 మంది ఉన్న పార్టీకే అధికారిక గుర్తింపు ఉంటుంది కాబట్టి, ఇండిపెండెంట్లకు కమిటీల్లో ఓటు ఉండదు, ప్రశ్నలు అడిగే వంతు కూడా చాలా అరుదుగా వస్తుంది.

మాట్లాడే జాబితా సంగతికి ఒక చరిత్ర ఉంది. 2013లో బ్రిటిష్ కొలంబియా కన్సర్వేటివ్ ఎంపీ మార్క్ వరావా ప్రశ్నోత్తరాలకు ముందు ఇచ్చే ఒక నిమిషం ప్రకటన చదవాల్సి ఉండగా, విషయం నచ్చక పార్టీ ఆయన పేరు తీసేసింది. ఆయన స్పీకర్‌కు ఫిర్యాదు చేశారు. విప్‌లు ఇచ్చే జాబితా స్పీకర్‌ను కట్టిపడేయదనీ, మాట్లాడాలనుకునే ఏ ఎంపీ అయినా లేచి నిలబడవచ్చనీ అప్పటి స్పీకర్ ఆండ్రూ షీర్ ఏప్రిల్ 23న రూలింగ్ ఇచ్చారు. తలుపు తెరిచారు గానీ, ఆ తలుపులోంచి నడిచినవాళ్లు చాలా తక్కువ.

చట్టం లేకపోయినా అంత విధేయత ఎందుకు?

మన వాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, బీ-ఫారం.

1970లో కెనడా ఎన్నికల చట్టం మారింది. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు కూడా వేస్తామన్నారు. 1972 ఎన్నికల్లో అది మొదటిసారి అమలైంది. మంచి మార్పే. కానీ ఒకే నియోజకవర్గంలో ఇద్దరు మాదే పార్టీ అంటే ఎలా? అసలు అభ్యర్థి ఎవరో పార్టీ నాయకుడు సంతకం చేసి ధ్రువీకరించాలని పెట్టారు. గందరగోళం రాకూడదని పెట్టిన ఆ సంతకం కొన్నేళ్లకే నాయకుడి చేతిలో కొరడా అయింది. 2015 దాకా, స్థానిక కార్యకర్తలు ఓట్లేసి ఎంచుకున్న అభ్యర్థిని కూడా నాయకుడు ఆపగలిగేవాడు. సంతకం పెట్టనంటే చాలు, సిట్టింగ్ ఎంపీ రాజకీయ జీవితం అక్కడితో ఆగిపోయేది.

రెండో కారణం మంత్రి పదవి మీద ఆశ. లండన్‌లోని పార్లమెంటు చాలా పెద్దది. అక్కడ మంత్రి అయ్యే అవకాశం లేదని తెలిసినవాళ్లు వందలమంది ఉంటారు, వాళ్లు భయపడరు. 2019 జనవరిలో బ్రెగ్జిట్ ఒప్పందం మీద థెరిసా మే ప్రభుత్వం 432-202 తేడాతో ఓడిపోయిందంటే, సొంత ఎంపీలే పెద్ద సంఖ్యలో ఎదురు తిరిగారని అర్థం. కెనడాలో అలాంటిది ఊహించడం కూడా కష్టం. ఇక్కడ సభ చిన్నది, అధికార పక్షంలో చాలామందికి మంత్రి పదవో, పార్లమెంటరీ సెక్రటరీ పదవో దొరకవచ్చన్న ఆశ ఎప్పుడూ ఉంటుంది.

మూడోది మనకు బాగా తెలిసిందే. చాలామంది ఎంపీలు గెలిచేది నాయకుడి ముఖం చూసి వచ్చిన ఓట్లతో. ఆ సంగతి వాళ్లకు తెలుసు, నాయకుడికీ తెలుసు.

ఒక్క సభ్యుడు ఎదురు తిరిగితే ప్రభుత్వం పడిపోతుందా?

పడిపోయింది. 1988 మార్చి 8, మానిటోబా ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) అసెంబ్లీ. హోవర్డ్ పాలీ నాయకత్వంలోని ఎన్డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) ప్రభుత్వానికి అతి స్వల్ప మెజారిటీ ఉంది. జిమ్ వాల్డింగ్ ఆ పార్టీ ఎమ్మెల్యేనే, అంతకుముందు స్పీకర్‌గా కూడా చేశారు. ప్రభుత్వ బీమా సంస్థ వాహన బీమా రేట్లు పెంచడంతో జనం మండిపడుతున్న రోజులవి. బడ్జెట్ ఓటింగ్‌లో వాల్డింగ్ ప్రతిపక్షంతో కలిసి ఓటేశారు. 28-27. ప్రభుత్వం కూలింది. ఆ తర్వాతి ఎన్నికల్లో ఎన్డీపీ 12 సీట్లకు పడిపోయి మూడో స్థానానికి చేరింది. సొంత సభ్యుడి ఓటుతో ప్రభుత్వం పడిపోవడం కెనడాలో చాలా అరుదు. అందుకే ప్రతి విప్‌కూ ఆ కథ కంఠతా వచ్చు.

దీనికి అటువైపు కథ 2005 మే 19న రాజధాని ఒట్టావాలో జరిగింది. చక్ క్యాడ్‌మన్ బ్రిటిష్ కొలంబియాలోని సర్రే నార్త్ ఎంపీ. 2004లో సొంత కన్సర్వేటివ్ పార్టీ నామినేషన్ దక్కకపోతే ఇండిపెండెంట్‌గా నిలబడి గెలిచారు. ప్రధాని పాల్ మార్టిన్ నడిపిన లిబరల్ మైనారిటీ ప్రభుత్వం నిలుస్తుందో లేదో ఆయన ఓటు మీద ఆధారపడింది. క్యాన్సర్‌తో కీమోథెరపీ తీసుకుంటూనే వచ్చి, తన నియోజకవర్గం ఇప్పుడే ఎన్నికలు కోరుకోవడం లేదంటూ ప్రభుత్వానికి ఓటేశారు. 152-152. స్పీకర్ పీటర్ మిల్లికెన్ తన ఓటుతో ప్రభుత్వాన్ని నిలబెట్టారు. జూలై 9న క్యాడ్‌మన్ చనిపోయారు. ఎవరికీ లొంగని మనిషిగా ఆయన్ని ఇప్పటికీ అన్ని పార్టీలవాళ్లూ తలుచుకుంటారు.

మానిటోబాలోనే ఇంకొకరు, ఎలిజా హార్పర్. 1990 జూన్‌లో మీచ్ లేక్ రాజ్యాంగ ఒప్పందానికి ఆ ప్రావిన్స్‌లోని మూడు పార్టీల నాయకులూ సరేనన్నారు. గడువు ముంచుకొస్తోంది, చర్చ త్వరగా ముగించాలంటే సభ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఆదివాసీ జాతులను పట్టించుకోని ఒప్పందం ఇదంటూ, ఓజీ-క్రీ జాతికి చెందిన ఎన్డీపీ ఎమ్మెల్యే హార్పర్ చేతిలో గద్ద ఈకతో రోజు తర్వాత రోజు "నో" అన్నారు. గడువు దాటిపోయింది, ఒప్పందం చచ్చిపోయింది.

2025 బడ్జెట్ ఓటింగ్‌లో కొందరు ఎంపీలు ఓటే వేయలేదు. అదీ ధిక్కారమేనా?

నవంబర్ 17న ఆ బడ్జెట్ 170-168తో గట్టెక్కింది. ఇద్దరు ఎన్డీపీ ఎంపీలు, ఇద్దరు కన్సర్వేటివ్ ఎంపీలు ఓటు వేయలేదు. ఓటేయకపోవడం ఇక్కడ పాత పద్ధతే. ఎన్నికలు వద్దనుకున్న పార్టీ, బడ్జెట్‌ను సమర్థించినట్టు కనిపించడం ఇష్టం లేక ఇలా చేస్తుంది. కాబట్టి గైర్హాజరును చూసి వెంటనే తిరుగుబాటు అనుకోకండి. పార్టీకి తెలిసి జరిగిందా, తెలియకుండా జరిగిందా అన్నది తేల్చుకున్నాకే అది ధిక్కారమో కాదో చెప్పగలం.

కాకస్‌లో లోపల గొడవ పడే స్వేచ్ఛ ఉందంటారు. నిజమేనా?

నిజమే. ఫెడరల్ పార్టీల కాకస్‌లు సాధారణంగా బుధవారం ఉదయం కలుస్తాయి. తలుపులు మూసుకుని కూర్చుంటారు కాబట్టి అక్కడ ఎంపీలు మంత్రులను గట్టిగానే నిలదీస్తారు. "లోపల ఏమైనా అనండి, బయటికి వచ్చాక ఒకే మాట" అన్నది రాయని ఒప్పందం. నాకు దీంతో సగం పేచీ ఉంది. మూసిన తలుపుల వెనక నా ఎంపీ నా కోసం పోరాడారో లేదో నాకెలా తెలుస్తుంది?

బయటికి వచ్చి అన్నవాళ్ల వల్ల పని జరిగిన సందర్భాలు ఉన్నాయి. న్యూఫౌండ్‌లాండ్ లిబరల్ ఎంపీ కెన్ మెక్‌డొనాల్డ్ 2023 అక్టోబర్‌లో సొంత ప్రభుత్వం తెచ్చిన కార్బన్ పన్నుకు వ్యతిరేకంగా, కన్సర్వేటివ్‌ల తీర్మానానికి ఓటేశారు. తూర్పు తీర ప్రావిన్సుల్లో చాలా ఇళ్లు చలికాలంలో ఫర్నేస్ ఆయిల్‌తోనే వెచ్చబడతాయి, ఆ ఆయిల్ ఖర్చు అక్కడి జనానికి మోయలేని భారం. అదే నెల 26న ప్రధాని ట్రూడో ఇంటి హీటింగ్ ఆయిల్ మీద పన్నును మూడేళ్లు నిలిపేస్తున్నట్టు ప్రకటించారు. మెక్‌డొనాల్డ్‌ను పార్టీ బయటికి పంపలేదు. టొరంటో ఎంపీ నేట్ ఎర్స్‌కిన్-స్మిత్ కూడా చాలాసార్లు సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసి, పార్టీలోనే ఉండి, 2024 డిసెంబర్‌లో మంత్రి అయ్యారు. అంటే నాయకుడికి గుండె ఉంటే అసమ్మతిని భరించవచ్చు. భరించినంత మాత్రాన పార్టీ కూలిపోదు.

కాకస్ నుంచి ఎంపీని గెంటేసే అధికారం ఎవరిది?

చాలాకాలం నాయకుడిదే. కన్సర్వేటివ్ ఎంపీ మైకేల్ చాంగ్ పట్టుబట్టి తెచ్చిన రిఫార్మ్ చట్టం 2015లో వచ్చాక కొంచెం మారింది. నాయకుడి సంతకం తప్పనిసరి అన్న నిబంధన పోయింది, పార్టీ ఎవరిని నియమిస్తే వాళ్లు సంతకం చేయవచ్చు. ప్రతి ఎన్నిక తర్వాతా కాకస్ సమావేశమై, సభ్యులను బహిష్కరించడం, నాయకత్వాన్ని సమీక్షించడం లాంటి అధికారాలను తన చేతిలోకి తీసుకోవాలో వద్దో ఓటేయాలి. అయితే వద్దనుకునే వీలుంది, చట్టంలోని బలహీనత కూడా అదే.

2019లో ఆ బలహీనత అందరికీ కనిపించింది. ఎస్ఎన్‌సీ-లావలిన్ కంపెనీ మీద క్రిమినల్ కేసు విషయంలో తన మీద ఒత్తిడి తెచ్చారని మాజీ న్యాయశాఖ మంత్రి జోడీ విల్సన్-రేబోల్డ్ బయటపెట్టారు. ఆమెకు మద్దతుగా జేన్ ఫిల్‌పాట్ మంత్రి పదవి వదులుకున్నారు. ఏప్రిల్ 2న ఇద్దరినీ ట్రూడో కాకస్ నుంచి తీసేశారు. రిఫార్మ్ చట్టం ప్రకారం ఎవరి చేతిలో అధికారం ఉండాలో తేల్చే ఓటింగే మా కాకస్‌లో జరగలేదని ఫిల్‌పాట్ సభలో లేవనెత్తినా ఫలితం లేకపోయింది. ఆగస్టులో ఎథిక్స్ కమిషనర్ మారియో డియన్, ప్రధాని ప్రయోజనాల ఘర్షణ చట్టాన్ని ఉల్లంఘించారని తేల్చారు. నిజం చెప్పినవాళ్లు అప్పటికే బయట ఉన్నారు.

నాయకుణ్నే దించేయవచ్చా?

రిఫార్మ్ చట్టాన్ని స్వీకరించిన కాకస్‌లో 20 శాతం మంది సంతకాలు పెడితే రహస్య ఓటింగ్ జరగాలి. 2022 ఫిబ్రవరి 2న కన్సర్వేటివ్ ఎంపీలు ఎరిన్ ఓ'టూల్‌ను 73-45 ఓట్లతో దించేశారు. ఉదయం నాయకుడు, మధ్యాహ్నానికి మాజీ.

అప్పట్లో లిబరల్స్ దగ్గర ఆ ఏర్పాటు లేదు. అందుకే 2024 అక్టోబర్‌లో 24 మంది ఎంపీలు ట్రూడోను తప్పుకోమని లేఖ రాసి, 28వ తేదీ గడువు పెట్టినా, ఆయన కాదంటే చేయగలిగింది ఏమీ లేకపోయింది. డిసెంబర్ 16న ఆర్థికమంత్రి క్రిస్టియా ఫ్రీలాండ్ రాజీనామా చేశాక పరిస్థితి తిరగబడింది. 2025 జనవరి 6న ట్రూడో తప్పుకుంటానని ప్రకటించారు. ఎంపీల చేతిలో ఓటు ఉంటే రోజులో తేలే విషయం నెలలు సాగింది.

ప్రావిన్సుల్లో ఎక్కువగా పార్టీ సభ్యులు ఓటేస్తారు. ఆల్బెర్టాలో ప్రీమియర్ (అంటే ముఖ్యమంత్రి) జేసన్ కెన్నీకి 2022 మేలో 51.4 శాతం మద్దతు వచ్చింది. లెక్క ప్రకారం గెలిచారు, కానీ సగం పార్టీ వద్దంటుంటే ఉండలేక దిగిపోయారు.

మనస్సాక్షి ఓటు అంటే ఏమిటి?

మరణశిక్ష, గర్భస్రావం లాంటి విషయాల్లో పార్టీలు విప్ ఎత్తేసి ఎవరికి తోచినట్టు వాళ్లను ఓటేయనిస్తాయి. మరణశిక్షను తిరిగి తేవాలన్న ప్రతిపాదన 1987లో అలాగే 148-127తో ఓడింది. గర్భస్రావం మీద ప్రధాని బ్రయన్ మల్రోనీ ప్రభుత్వం తెచ్చిన బిల్లు కామన్స్‌లో నెగ్గినా, 1991 జనవరిలో సెనేట్‌లో 43-43తో సమానమై చచ్చిపోయింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ కొత్త చట్టం చేయలేకపోయింది.

ఏది మనస్సాక్షి విషయమో తేల్చేది మళ్లీ పార్టీయే. 2005లో స్వలింగ వివాహ బిల్లుకు లిబరల్ బ్యాక్‌బెంచర్లకు (మంత్రి పదవి లేని ఎంపీలకు) స్వేచ్ఛ ఇచ్చారు, మంత్రులకు ఇవ్వలేదు. జో కొముజీ మంత్రి పదవి వదులుకుని వ్యతిరేకంగా ఓటేశారు. ఎన్డీపీ దాన్ని మానవ హక్కుల విషయంగా చూసి విప్ జారీ చేసింది. కాదన్న ఒకే ఒక్క ఎంపీ బెవ్ డెజార్లేకు తర్వాత పార్టీ నామినేషన్ దక్కలేదు. ఆ బిల్లు విషయంలో నా మనసు ఎన్డీపీ వైపే. అయినా, ఆమె తన ఓటర్లకు చెప్పినట్టే ఓటేశానన్నప్పుడు ఆ మాటను గౌరవించకుండా ఉండలేను.

తుపాకుల రిజిస్ట్రీ కథలో ఇదే ఇరకాటం ఊళ్లకూ నగరాలకూ మధ్య వచ్చింది. 2010లో రిజిస్ట్రీని 153-151తో, రెండే ఓట్ల తేడాతో కాపాడారు. ఎన్డీపీ నాయకుడు జాక్ లేటన్ తన ఎంపీలకు విప్ పెట్టలేదు, కూర్చోబెట్టి ఒప్పించారు. ఆయన చనిపోయాక ఉత్తర ఒంటారియో ఎంపీలు బ్రూస్ హయర్, జాన్ రాఫర్టీ రిజిస్ట్రీ రద్దుకు ఓటేస్తే పార్టీ శిక్షించింది. హయర్ 2012లో పార్టీ వదిలి, తర్వాత గ్రీన్ పార్టీలో చేరారు.

మంత్రులకు అసమ్మతి హక్కు ఉందా?

లేదు. కేబినెట్ నిర్ణయం నచ్చకపోతే రాజీనామా చేయాలి. 2025 నవంబర్ 27న ఆల్బెర్టాతో పైప్‌లైన్ ఒప్పందం కుదిరిన రోజే స్టీవెన్ గిల్‌బో మంత్రి పదవికి రాజీనామా చేసి, ఎంపీగా పార్టీలోనే కొనసాగారు. ఇది పద్ధతైన దారి.

ఎదిరించినవాళ్లు మళ్లీ గెలుస్తారా?

కొందరు గెలిచారు. బిల్ కేసీ అనే నోవాస్కోషియా కన్సర్వేటివ్ ఎంపీ, 2007 బడ్జెట్ తన ప్రావిన్స్‌తో అంతకుముందు చేసుకున్న అట్లాంటిక్ ఒప్పందాన్ని (సముద్రంలోని చమురు, గ్యాస్ ఆదాయం గురించినది) దెబ్బతీస్తోందని వ్యతిరేకంగా ఓటేశారు. ఓటేసిన వెంటనే కాకస్ నుంచి బహిష్కరించారు. 2008లో ఇండిపెండెంట్‌గా నిలబడితే జనం దాదాపు 69 శాతం ఓట్లు వేశారు. అంతకుముందు 1996లో, జీఎస్టీ రద్దు చేస్తామన్న హామీ ఏమైందంటూ బడ్జెట్‌కు వ్యతిరేకంగా ఓటేసిన టొరంటో లిబరల్ జాన్ నున్జియాటాను కూడా గెంటేశారు. 1997లో ఆయనా ఇండిపెండెంట్‌గా గెలిచారు. విల్సన్-రేబోల్డ్ 2019లో వాంకూవర్ గ్రాన్‌విల్‌లో గెలిచారు, ఫిల్‌పాట్ ఓడిపోయారు.

అయితే వీళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. పార్టీ డబ్బు, కార్యకర్తలు, ఓటర్ల డేటా లేకుండా ఇంటింటికీ తిరిగి గెలవడం మాటలు కాదు.

ప్రావిన్సుల్లో ఇంకా పెద్ద మలుపు జాన్ రస్టాడ్‌ది. వాతావరణ మార్పు గురించి పెట్టిన పోస్టులకు 2022 ఆగస్టులో బీసీ (బ్రిటిష్ కొలంబియా) లిబరల్ పార్టీ ఆయన్ని బహిష్కరించింది. ఆయన దాదాపు పేరుకే మిగిలిన బీసీ కన్సర్వేటివ్ పార్టీకి నాయకుడై, 2024 అక్టోబర్ ఎన్నికల్లో 44 సీట్లు తెచ్చారు. అధికార ఎన్డీపీకి వచ్చినవి 47. ఆయన్ని గెంటేసిన పార్టీ ఆ ఎన్నికల్లో పోటీ నుంచే తప్పుకుంది. తర్వాత ఆయన కూడా సొంత ఎమ్మెల్యేలను కాకస్ నుంచి పంపారు. చివరికి 2025 డిసెంబర్‌లో సొంత కాకస్ తిరగబడి ఆయన్నే దింపింది.

గోడ దూకినవాళ్ల సంగతేమిటి?

ఇక్కడే నాకు కోపం వస్తుంది. క్యాడ్‌మన్ ఓటుకు రెండు రోజుల ముందు, 2005 మే 17న కన్సర్వేటివ్ ఎంపీ బెలిండా స్ట్రోనక్ లిబరల్స్‌లో చేరి, చేరిన రోజే మంత్రి అయ్యారు. ఆరోజు అన్యాయమని అరిచిన కన్సర్వేటివ్‌లే మరుసటి ఏడాది అదే పని చేశారు. డేవిడ్ ఎమర్సన్ 2006 జనవరి 23న వాంకూవర్ కింగ్స్‌వేలో లిబరల్‌గా గెలిచారు. ఫిబ్రవరి 6న కన్సర్వేటివ్ ప్రధాని స్టీఫెన్ హార్పర్ కేబినెట్‌లో మంత్రిగా ప్రమాణం చేశారు. రెండు వారాలు! నియోజకవర్గంలో జనం వీధుల్లోకి వచ్చారు. ఎథిక్స్ కమిషనర్ చూసి నియమం ఏదీ ఉల్లంఘించలేదన్నారు. తన ప్రావిన్స్ కోసం ఓటేసిన కేసీకి బహిష్కరణ, ఓటరును అడగకుండా పార్టీ మారిన ఎమర్సన్‌కు మంత్రి పదవి. నిబంధనల ప్రకారం రెండూ సరైనవే.

ఓటర్లు గట్టి జవాబిచ్చింది ఆల్బెర్టాలో. 2014 డిసెంబర్ 17న ప్రధాన ప్రతిపక్షం వైల్డ్‌రోజ్ నాయకురాలు డేనియల్ స్మిత్, మరో 8 మంది ఎమ్మెల్యేలతో కలిసి ప్రీమియర్ జిమ్ ప్రెంటిస్ పార్టీలో చేరిపోయారు. ప్రతిపక్ష నాయకురాలే అధికార పక్షంలోకి నడిచివెళ్లడం ఊహించగలరా? కొత్త పార్టీలో స్మిత్‌కు నామినేషన్ కూడా దక్కలేదు. 2015 మే ఎన్నికల తర్వాత ఆ 9 మందిలో ఒక్కరు కూడా అసెంబ్లీలో లేరు. 44 ఏళ్లుగా ఏలుతున్న పార్టీ ఓడి, ఎన్డీపీ మొదటిసారి అధికారంలోకి వచ్చింది. ఫలితాల రాత్రే ప్రెంటిస్ తన సీటు కూడా వదిలేశారు. ఆ కాల్గరీ-ఫుట్‌హిల్స్ సీటుకు సెప్టెంబర్‌లో ఉపఎన్నిక జరిగితే గెలిచింది వైల్డ్‌రోజ్ అభ్యర్థి, మన తెలుగువాడు ప్రసాద్ పండా. తర్వాత 2019లో ఆయన ఆల్బెర్టా మౌలిక వసతుల మంత్రి అయ్యారు. స్మిత్ 2022లో తిరిగి వచ్చి ప్రీమియర్ అయ్యారు, అదీ చెప్పాలి.

ఫిరాయింపులను ఏ ప్రావిన్స్ అయినా నిషేధించిందా?

మానిటోబా 2006లో చట్టం చేసింది. పార్టీ వదిలినవాళ్లు తర్వాతి ఎన్నికల దాకా ఇండిపెండెంట్‌గానే కూర్చోవాలి. 2017లో సొంత ప్రభుత్వ బిల్లును ప్రశ్నించినందుకు స్టీవెన్ ఫ్లెచర్‌ను అధికార కాకస్ గెంటేసింది. తాను దూకలేదు, వాళ్లే తోసేశారు, అయినా ఇంకో పార్టీలో చేరే వీల్లేదు. ఆయన కోర్టుకు వెళ్లారు. 2018లో ప్రభుత్వం ఆ చట్టాన్నే రద్దు చేసింది.

"మన చట్టం లాంటిది అక్కడా ఉంటే బాగుండేది కదా" అంటారు చాలామంది. తెలంగాణలో అనర్హత పిటిషన్లు స్పీకర్ దగ్గర నెలల తరబడి పడి ఉండి, 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని చెప్పాల్సి వచ్చిన సంగతి మనకు తెలుసు. పైగా మన చట్టం గోడ దూకేవాణ్నీ, పార్టీలో ఉంటూ విప్ కాదన్నవాణ్నీ ఒకే కర్రతో కొడుతుంది. మన చట్టం ఇక్కడ ఉండి ఉంటే బిల్ కేసీ ఎంపీ పదవి బడ్జెట్ ఓటు వేసిన రోజే ప్రమాదంలో పడేది. నా వరకు నేను కోరుకునేది ఒకటే: పార్టీ మారాలనుకునేవారు రాజీనామా చేసి ఉపఎన్నికలో నిలబడాలి, ఓటింగ్‌లో విభేదించినవాళ్ల జోలికి ఎవరూ పోకూడదు.

ఓటర్లే వెనక్కి పిలిచే వీలుందా?

బ్రిటిష్ కొలంబియాలో 1995 నుంచి ఉంది. 60 రోజుల్లో 40 శాతం ఓటర్ల సంతకాలు సేకరించాలి. ఇప్పటిదాకా ఒక్కటీ చివరిదాకా వెళ్లలేదు. 1998లో దొంగ పేర్లతో తనను తానే పొగుడుకుంటూ పత్రికలకు లేఖలు రాసిన పాల్ రైట్స్‌మా మాత్రం సంతకాల లెక్క తేలకముందే రాజీనామా చేశారు. ఆల్బెర్టా 1936లోనే ఇలాంటి చట్టం తెచ్చి, సంతకాల సేకరణ ప్రీమియర్ అబర్‌హార్ట్ మీదికే వచ్చేసరికి 1937లో రద్దు చేసింది. 2021లో మళ్లీ తెచ్చింది.

పార్టీలే లేని చట్టసభలు ఉన్నాయా?

ఉత్తరాన నార్త్‌వెస్ట్ టెరిటరీస్, నునావుట్‌లలో అందరూ ఇండిపెండెంట్లుగానే గెలుస్తారు. సభ్యులే తమలోంచి ప్రీమియర్‌నూ మంత్రులనూ రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. దీన్ని ఏకాభిప్రాయ ప్రభుత్వం అంటారు. 19 మంది, 22 మంది ఉన్న చిన్న సభల్లో ఇది నడుస్తోంది. ఒంటారియో అంత పెద్దచోట కుదురుతుందని నేను అనుకోను.

మాకు ఇంకా పీఆరే (శాశ్వత నివాస హోదా), ఓటు లేదు. మాకేం సంబంధం?

ఉంది, మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇదే. ఎన్నికల్లో ఓటు పౌరులకే. కానీ లిబరల్, కన్సర్వేటివ్ లాంటి పెద్ద ఫెడరల్ పార్టీల్లో 14 ఏళ్లు నిండిన పీఆర్‌లు కూడా సభ్యులు కావచ్చు. నియోజకవర్గ నామినేషన్‌లో ఓటేయవచ్చు. కొన్ని నియోజకవర్గాల్లో గెలిచే పార్టీ ముందే తెలిసిపోతుంది కాబట్టి, అసలు ఎన్నిక ఆ నామినేషన్ సమావేశమే. అక్కడికి వచ్చే జనం కూడా తక్కువే. పది తెలుగు కుటుంబాలు వెళ్తే లెక్క మారే చోట్లున్నాయి. ప్రతి పార్టీకి సభ్యత్వ గడువు వేరుగా ఉంటుంది, వెబ్‌సైట్‌లో చూసుకుని ముందే చేరండి.

నామినేషన్ అడగడానికి మీ గుమ్మం దగ్గరికి వచ్చినవాళ్లను ఈ రెండూ అడగండి. మన ప్రాంతానికి నష్టం చేసే బిల్లు సొంత పార్టీ తెస్తే ఎటు ఓటేస్తారు? పార్టీ మారాలనిపిస్తే ముందు రాజీనామా చేస్తారా? జవాబును తేదీతో సహా రాసి పెట్టుకోండి. గెలిచాక వాళ్లు వేసిన ప్రతి ఓటూ హౌస్ ఆఫ్ కామన్స్ వెబ్‌సైట్‌లో పేరుతో సహా ఉంటుంది. మాట తప్పారనిపిస్తే ఉత్తరం రాయండి. ఒట్టావాలో పార్లమెంటు చిరునామాకు ఎంపీ పేరున రాసే ఉత్తరానికి స్టాంపు కూడా అక్కర్లేదు.